మూడు దేశాల మూలన ఓ అద్దె ఇల్లు

మాస్ట్రిక్ట్ స్టేషన్ దగ్గర 350 నంబరు బస్సెక్కాం. ఊరు దాటిన కాసేపటికే రోడ్డు ఎత్తు ఎక్కడం మొదలుపెట్టింది. నెదర్లాండ్స్ అంతా బల్లపరుపు నేల అని చిన్నప్పుడు చదువుకున్నదాన్ని, కిటికీలోంచి మిట్టపల్లాలు చూస్తూ కూర్చున్నాను. మార్గ్రాటెన్ దగ్గర రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోయిన అమెరికన్ సైనికుల శ్మశానం పక్కనుంచి పోయాం. తర్వాత ఆపిల్ తోటలు, ఆవులు, గుల్పెన్ ఊరు, మామెలిస్ దగ్గర గుట్ట మీద ఒక మఠం. గంట లోపే వాల్స్‌లో దిగాం. మమ్మల్ని దించిన బస్సు అలాగే ముందుకి, జర్మనీలోని ఆఖెన్‌కి వెళ్ళిపోయింది.

మా చెల్లెలి కూతురు ఆఖెన్‌లో ఇంజనీరు. చదువుకూ అక్కడికే వచ్చింది, ఉద్యోగమూ అక్కడే దొరికింది, ఈమధ్యనే జర్మన్ పాస్‌పోర్టు కూడా తీసుకుంది. అల్లుడిది మాస్ట్రిక్ట్‌లో ఉద్యోగం. చేతిలో మన పాస్‌పోర్టు, నెదర్లాండ్స్ ఇచ్చిన పర్మిట్టు. పెళ్ళయ్యాక ఇద్దరికీ అనువైన చోటు ఏదని మ్యాపు తీస్తే మధ్యలో వాల్స్ కనిపించింది. నేను చూడ్డానికి వచ్చిన మనిషిని కాబట్టి ఇళ్ళ వేటలో నన్నూ వెంటబెట్టుకుని తిరిగారు. "పెద్దమ్మా, నీకు నడక అలవాటే కదా" అంది అమ్మాయి. అలవాటే గానీ ఆ ఊరి ఎత్తులకి కాదు.

బయల్దేరే ముందే వాల్స్ గురించి చాలా విన్నాను. ఆఖెన్‌లో ఒక పుట్టినరోజు భోజనాల దగ్గర మనవాళ్ళు తలో మాటా చెప్పారు. అక్కడ అద్దెలు సగమేనని ఒకరు. ఆదివారం ఆఖెన్‌లో కొట్లన్నీ మూసి ఉంటే వాల్స్‌లో తీసే ఉంటాయని ఒకరు. ఇంటివాళ్ళంతా జర్మన్ మాట్లాడతారు, డచ్ రాకపోయినా ఫరవాలేదని ఇంకొకరు. "అసలు బోర్డరు దాటినట్టే తెలీదాంటీ" అన్నాడు ఓ కుర్రాడు. అయితే నువ్వెందుకు అక్కడ ఉండటం లేదని అడిగాను. జర్మనీ స్టూడెంట్ పర్మిట్టు మీద ఉన్నవాడికి జర్మనీలో అడ్రసుండాలట, తనకి వాల్స్ పనికిరాదట. అంతకుముందు ఇద్దరు స్నేహితులు అక్కడ గది చూసుకుని, అడ్వాన్సు ఇచ్చే ముందు ఈ సంగతి తెలిసి వెనక్కి తగ్గారని కూడా చెప్పాడు. వాళ్ళు నాకు ఎదురుపడలేదు.

బోర్డరు సంగతి మాత్రం ఆ కుర్రాడు చెప్పినట్టే ఉంది. ఆఖెన్ వైపు వాల్సర్ స్ట్రాసె అనే పేరున్న రోడ్డు, ఒక చోట మాస్ట్రిక్టర్‌లాన్ అయిపోయింది. సైకిళ్ళ దారి ఎర్రరంగులోకి మారింది. ఆగి ఉన్న కార్ల నంబరు ప్లేట్లు తెలుపు నుంచి పసుపుకి తిరిగాయి. నక్షత్రాలున్న నీలం బోర్డు ఒకటి ఉంది. 2024 సెప్టెంబరు నుంచి జర్మనీ, ఆ డిసెంబరు నుంచి నెదర్లాండ్స్ తమ సరిహద్దుల్లో మళ్ళీ తనిఖీలు పెట్టాయి కాబట్టి ఒకరోజు జర్మనీ వైపు రోడ్డు పక్కన పోలీసు వ్యాను కనిపించింది. కార్లు కాస్త నెమ్మదించి వెళ్ళిపోయాయి. మా బస్సులోకి ఎప్పుడూ ఎవరూ ఎక్కలేదు.

వాల్స్ మున్సిపాలిటీ అంటే వాల్స్, వైలెన్, లెమీర్స్ అనే మూడు ఊళ్ళు, చుట్టూ కొన్ని పల్లెలు, అడవి, పచ్చిక బయళ్ళు. జనాభా మొత్తం పదివేల ప్రాంతం. రైలు లేదు. లెమీర్స్‌లో ఒక వాగు రెండు దేశాల్ని విడదీస్తోంది. అటు గట్టు జర్మనీ, ఇటు గట్టు నెదర్లాండ్స్. చిన్న వంతెన మీద కుక్కని తిప్పుతున్న పెద్దాయన ఒకరు మమ్మల్ని చూసి జర్మన్‌లో పలకరించారు. అటువైపు వాళ్ళ యాస, తమ యాస ఒకటేనని, పక్క ఊళ్ళోని డచ్ వాళ్ళకన్నా ఆఖెన్ ముసలివాళ్ళ మాటే తనకి బాగా అర్థమవుతుందని అన్నారు. తక్కువ అద్దెకిచ్చే సోషల్ ఇళ్ళ కోసం వెయిటింగ్ ఎంతకాలమని అమ్మాయి అడిగితే ఏడేళ్ళన్నారు. తర్వాత బేకరీలో ఒకావిడ మూడేళ్ళంది. మాకు ఇళ్ళు చూపిస్తున్న ఏజెంటు "అది మీ అదృష్టం" అని ఊరుకున్నాడు. ఈ మూడింటిలో ఏది నిజమో నాకు తేలలేదు. ఆ ఇళ్ళకి పేరు నమోదు చేయించుకుని, ఏళ్ళు గడిచిన కొద్దీ వరసలో పైకి రావాలనే సంగతి మాత్రం ముగ్గురూ ఒకేలా చెప్పారు. అమ్మాయి ఆ రాత్రే ఇద్దరి పేర్లూ నమోదు చేసింది.

మొదట చూసిన వాటా మెయిన్ రోడ్డు మీద, ఒక కొట్టు పైన. మెట్లు చూసి ఆగిపోయాను. నిచ్చెనకీ మెట్లకీ మధ్యరకంగా ఉన్నాయి. మంచాలూ బీరువాలూ ఎలా ఎక్కిస్తారని అడిగితే కిటికీ చూపించారు. బయట లిఫ్టు పెట్టి కిటికీలోంచే సామాను దింపుతారట. గదులు చిన్నవి, వెలుతురు బాగుంది. బాత్రూము తలుపు మీద ఒక క్యాలెండరు వేలాడుతోంది, అందులో ఏ తేదీన ఎవరి పుట్టినరోజో చేత్తో రాసి పెట్టారు. డచ్ ఇళ్ళల్లో అది మామూలేనని అల్లుడు చెప్పాడు. అద్దె వెయ్యీ యాభై యూరోలు.

వెయ్యీ యాభై అనగానే అమ్మాయి మొహం వెలిగింది. ఆఖెన్‌లో ఆ మాత్రం ఇంటికి దానికన్నా ఎక్కువే ఇస్తున్నారు మరి. అల్లుడు నెమ్మదస్తుడు. బస్సులో కూర్చున్నాక ఫోను తీసి లెక్క వేశాడు. ఆఖెన్‌లో మనవాళ్ళు చెప్పుకునే అద్దెలో హీటింగు, బిల్డింగు ఖర్చులు నెలనెలా కలిసే ఉంటాయి. వాల్స్‌లో ఏజెంటు చెప్పింది ఉత్త అద్దె. గ్యాసు, కరెంటు, నీళ్ళు విడిగా కట్టుకోవాలి. చెత్త పన్ను మున్సిపాలిటీకి, అది కాక నీటి బోర్డుకి వేరే పన్ను. ఇంత ఎత్తైన ఊళ్ళో కాపురం పెట్టి వరదల నుంచి కాపాడేవాళ్ళకి పన్ను కట్టడమేమిటని నవ్వాను. 2021 జూలైలో ఇదే జిల్లాలో ఖూల్ నది పొంగి వాల్కెన్‌బర్గ్ ఊరు మునిగిందని అల్లుడు గుర్తుచేశాడు. ఇంకేం మాట్లాడలేదు. అన్నీ కలిపి చూస్తే రెండు ఊళ్ళ మధ్య తేడా వంద యూరోలకి కాస్త అటూఇటూగా తేలింది. భోజనాల దగ్గర "సగమే" అన్నాయన ఏ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టుకున్నాడో అడుగుదామనుకున్నాను గానీ ఆయన మళ్ళీ కలవలేదు.

ఏజెంటు ఆఫీసులో నాకు బాగా నచ్చినది ఒక కాగితం. ఆ దేశంలో ఇంటికి మార్కులు వేస్తారు. గదుల విస్తీర్ణం చదరపు మీటరుకి ఒక మార్కు చొప్పున మొదలుపెట్టి, హీటింగుకి, బాత్రూముకి, ఇల్లు ఎంత కరెంటు, గ్యాసు తాగుతుందో చెప్పే లేబులుకి, బాల్కనీకి, మున్సిపాలిటీ కట్టిన ఇంటి విలువకి, ఆఖరికి వంటింట్లో సింకు ఉన్న గట్టు పొడవుకి కూడా మార్కులున్నాయి. మొత్తం 143 దాకా వస్తే అది సోషల్ కిందకి వస్తుంది, 2025లో దాని అద్దెకి 900 యూరోల ఏడు సెంట్లు పైహద్దుగా ఉండేది. 144 నుంచి 186 దాకా మధ్యరకం, దానికీ 2025లో 1,184 యూరోల 82 సెంట్లని పైహద్దు ఉండేది. 187 వస్తే ఇంటివాళ్ళ ఇష్టం. మధ్యరకానికి హద్దు పెట్టిన చట్టం 2024 జూలై 1న అమల్లోకి వచ్చింది. 2025 జనవరి నుంచి ఈ మార్కుల కాగితాన్ని కాంట్రాక్టుతో పాటు ఇచ్చి తీరాలి. అద్దె ఎక్కువనిపిస్తే చేరిన ఆరు నెలల్లోపు ప్రభుత్వం వేసిన అద్దెల కమిషన్‌కి అర్జీ పెట్టుకోవచ్చు. అడ్వాన్సు రెండు నెలల అద్దెకి మించి అడక్కూడదు. ఇంటివాళ్ళు పెట్టుకున్న ఏజెంటు మన దగ్గర కమిషన్ తీసుకోకూడదు. పదకొండు నెలల అగ్రిమెంటు రాయించుకుని, ఏటా పది శాతం పెంచి, నచ్చకపోతే నెలలో ఖాళీ చెయ్యమనే మన హైదరాబాద్ పద్ధతికి అలవాటుపడ్డ నాకు ఇదంతా వింటుంటే ముచ్చటేసింది. అదే 2024 జూలై నుంచి అక్కడ కాంట్రాక్టుకి గడువు పెట్టడమూ పోయింది. కొన్ని మినహాయింపులు తప్ప అద్దెకి చేరినవాళ్ళు కాలపరిమితి లేకుండా ఉండొచ్చు.

మరి ఇళ్ళేవీ? అదీ చూశాను. ఊరంతా తిరిగితే "అమ్మబడును" బోర్డులు వరసగా కనిపించాయి, అద్దె బోర్డులు వెతుక్కోవలసి వచ్చింది. అద్దెకి హద్దు పెట్టాక, ఖాళీ అయిన ఇంటిని మళ్ళీ అద్దెకివ్వకుండా అమ్మేస్తున్నవాళ్ళు చాలామంది అని ఏజెంటు అన్నాడు. అతనికి అమ్మకాల్లోనూ కమిషన్ ఉంది, ఆ మాట కూడా గుర్తుపెట్టుకోవాలి. దొరికిన ఇళ్ళకి జీతం అద్దెకి మూడు రెట్లు ఉండాలన్నారు, జీతం స్లిప్పులు అడిగారు, వెనకటి ఇంటివాళ్ళ ఉత్తరం అడిగారు. ఆఖెన్ జీతం స్లిప్పు చూసి ఒకచోట ఏమీ అనలేదు. ఇంకోచోట డచ్ జీతమైతే బాగుండునన్నారు.

వైలెన్ కొండ మీద ఊరు. నల్లటి దూలాలు, మధ్యలో తెల్లటి గోడలున్న పాతకాలపు ఇళ్ళు, చర్చి గోపురం, కిందికి వాలిన ద్రాక్ష తోట. అక్కడ ఒక పశువుల కొట్టాన్ని ఇల్లుగా మార్చి అందంగా పెట్టారు. నాలాంటిదానికి అక్కడే ఉండిపోవాలనిపించింది. ఇంటావిడ కాఫీ ఇచ్చింది. ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు ఉండండి, కానీ ఈ అడ్రసు మీద మున్సిపాలిటీలో నమోదు కుదరదని ముందే చెప్పేసింది. సెలవులకి వచ్చేవాళ్ళ కోసం అనుమతి తీసుకున్న ఇల్లట అది, కాపురానికి పనికిరాదు. నమోదు లేకపోతే ఆ దేశంలో ఏ పనీ నడవదు. గుర్తింపు నంబరు రాదు, ఇన్సూరెన్సు కుదరదు, బ్యాంకు ఖాతా కష్టం. ఆ వీధిలో నడుస్తూ తలుపుల పక్కన తాళాల డబ్బాలు చూశాను. చాలా గుమ్మాలకి ఉన్నాయి. కిటికీల్లో పూలకుండీలు, లోపల దీపాలు లేవు. అక్టోబరు చివర, అందులోనూ వానరోజు కాబట్టి అలా ఉందేమో కూడా.

తిరిగిన ఇళ్ళన్నింటిలో నన్ను తెల్లబోయేలా చేసింది వాల్స్ ఊరి చివర వరస ఇళ్ళల్లో ఒకటి. తలుపు తీయగానే ఉత్త సిమెంటు నేల. దాని మీద ఎండిన జిగురు మరకలు. పైకప్పు నుంచి రెండేసి వైర్లు వేలాడుతున్నాయి, బల్బు తగిలించే హోల్డరు కూడా లేదు. కిటికీలకి కర్టెన్ల రాడ్లు లేవు. వంటింట్లో స్టౌ పెట్టే చోట ఖాళీ గుంట. "ఇల్లింకా పూర్తవలేదా?" అని అమ్మాయి చేత అడిగించాను. పూర్తయి నలభై ఏళ్ళయిందని ఏజెంటు మర్యాదగానే చెప్పాడు. అక్కడ ఉత్త ఇల్లు అద్దెకిస్తే అంతే. నేల మీద చెక్క పలకలో కార్పెట్టో వచ్చినవాళ్ళు వేయించుకుంటారు, పోయేటప్పుడు పీక్కుని తీసుకుపోతారు. లేదా తర్వాత వచ్చేవాళ్ళకి అమ్ముతారు. పక్క వీధిలో ఇంకో ఇంట్లో ఖాళీ చెయ్యబోతున్న పెద్దావిడ తన నేల, తన కర్టెన్లు, తన దీపాలు చూపించి, అన్నింటికీ కలిపి ఒక ధర చెప్పింది. కొనకపోతే పీకించే ఖర్చు తనకే పడుతుందని కూడా దాచకుండా చెప్పింది. అల్లుడు బేరమాడలేదు. బేరమాడమని నేను తెలుగులో అన్నాను, ఆవిడకి అర్థమైనట్టే నవ్వింది.

ఆ ఊళ్ళో సరిహద్దుని వాడుకుని బతకడం కొత్తేమీ కాదు. పూర్వం ఆఖెన్ క్యాథలిక్ నగరం, ప్రొటెస్టెంట్లకి అక్కడ చర్చి కట్టుకునే వీల్లేదు. వాల్స్ డచ్ రిపబ్లిక్ కింద ఉండేది. ఆదివారం వస్తే ఆఖెన్ ప్రొటెస్టెంట్లు నడిచి ఇక్కడికి వచ్చి ప్రార్థన చేసుకుని పోయేవారు. అందుకే ఇంత చిన్న ఊళ్ళో ఇన్ని శాఖల చర్చిలు వెలిశాయి. 1760లలో ఒక ఉన్నిబట్టల వ్యాపారి, ఆఖెన్ వృత్తి సంఘాల ఆంక్షలు పడలేక, తన ఫ్యాక్టరీనే ఇక్కడికి మార్చుకున్నాడు. ఆయన కట్టించిన పెద్ద భవనం తర్వాతి కాలంలో మున్సిపాలిటీ ఆఫీసయింది. ఇప్పుడు ఆదివారం ఆఖెన్ వాళ్ళు సూపర్ మార్కెట్లకి వస్తున్నారు. కాఫీ పొడి ప్యాకెట్లు బుట్టల నిండా వేసుకుపోవడం చూశాను. జర్మనీలో వేయించిన కాఫీ మీద కిలోకి 2 యూరోల 19 సెంట్లు పన్ను ఉంది మరి. ఇక్కడి డబ్బాలూ సీసాలూ మాత్రం అక్కడి మెషిన్లు తీసుకోవు. అమ్మాయి వంటింట్లో ఏ దేశం సీసాలు ఆ దేశం సంచిలో విడివిడిగా ఉన్నాయి.

మూడు దేశాలు కలిసే చోటికి కూడా వెళ్ళాం, అంత దూరం వచ్చి చూడకపోతే ఎలా అని. వాల్సెర్‌బర్గ్ ఎత్తు 322 మీటర్లు. నెదర్లాండ్స్‌లో ఎత్తైన శిఖరమని బోర్డులున్నాయి. 2010లో కరేబియన్ దీవి సాబా ఆ దేశంలో నేరుగా కలిశాక ఆ గౌరవం యూరప్ భాగానికే పరిమితమైంది. 1816 నుంచి సుమారు వందేళ్ళు అక్కడ మరో భూభాగం కూడా ఉండేది. జింకు గని కోసం తగువులాడి ఏ ఒక్కరికీ కాకుండా వదిలేసిన చిన్న ముక్క, తటస్థ మొరెస్‌నెట్. ఇప్పుడక్కడ ఒక రాయి, ఒక టవరు, చిప్స్ అమ్మే కొట్లు. అందరూ రాయి చుట్టూ తిరిగి ఫోటోలు దిగుతున్నారు. మేమూ దిగాం.

చివరికి ఇల్లు కుదిరింది లెమీర్స్‌లో. రెండు పడగ్గదులు, నేల ఉన్న ఇల్లు. మార్కుల ప్రకారం మధ్యరకం, అద్దె ఆ హద్దు లోపలే. ఇద్దరూ పేర్లు నమోదు చేయించుకోవడానికి మున్సిపాలిటీ కౌంటరుకి వెళ్ళారు. కౌంటరు దగ్గర అమ్మాయి పాస్‌పోర్టుతో పని సులువుగానే జరిగింది. తర్వాత జనన ధృవీకరణ పత్రం, పెళ్ళి సర్టిఫికెట్ అడిగారు, రెండింటి మీదా విదేశాల్లో చెల్లేలా వేసే అపోస్టిల్ ముద్ర ఉండాలన్నారు. పెళ్ళి సర్టిఫికెట్‌కి ఉంది. అమ్మాయి జనన పత్రం మా చిన్న ఊరిది, అందులో తల్లిదండ్రుల పేర్లున్నాయి, బిడ్డ పేరు దగ్గర "ఆడ శిశువు" అని ఉంది. ఆ రోజుల్లో పేరు పెట్టకముందే పత్రం తీసుకునేవాళ్ళం, తర్వాత ఎవరూ చేర్పించలేదు. కౌంటరు ఆవిడ చిరాకు పడలేదు, అలాగని ఒప్పుకోనూ లేదు. ఇండియాలో పేరు చేర్పించి, రాష్ట్ర ప్రభుత్వం ముద్ర, ఆపైన విదేశాంగ శాఖ అపోస్టిల్ వేయించి పంపమని మా చెల్లెలికి ఆ రాత్రే ఫోన్ చేశాం.

ఇన్సూరెన్సు సంగతి నాకు సగమే అర్థమైంది. పని జర్మనీలో కాబట్టి అమ్మాయి ఇన్సూరెన్సు జర్మనీదే, ఉండేది నెదర్లాండ్స్ కాబట్టి అక్కడా నమోదు చేసుకుంటే రెండు చోట్లా డాక్టరుకి చూపించుకోవచ్చు. అల్లుడిది డచ్ ఇన్సూరెన్సు, ఏడాదిలో మొదటి 385 యూరోలు తనే భరించాలి. అమ్మాయి ఇంటి నుంచి పని చెయ్యడం సగం సమయానికి చేరితే ఇన్సూరెన్సే కాదు, పెన్షన్ లెక్కలూ దేశం మారతాయి. 2023 జూలైలో దేశాలు కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం సగం లోపు అయితే మారవు. అందుకని ఏ రోజు ఎక్కడ కూర్చుని పని చేసిందో రాసి పెట్టుకోమని ఆఫీసువాళ్ళు చెప్పారట. ఆఖెన్ ప్లేటున్న పాత కారు కూడా అలాగే ఉంచడానికి లేదు, నెదర్లాండ్స్‌లో ఉండేవాళ్ళు విదేశీ ప్లేటుతో మామూలుగా నడపకూడదు. దాన్ని అమ్మేస్తానంది.

వాల్స్‌లో ఇల్లు చూద్దామనుకునే తెలుగు పిల్లలకి నా మాట ఇది. అద్దె అడిగే ముందు మీ వీసా ఏ దేశంలో అడ్రసు కోరుతుందో వీసా ఇచ్చిన ఆఫీసులోనే అడగండి, స్నేహితుల్ని కాదు. ఆ తర్వాత ఆ ఇంటి మీద నమోదు కుదురుతుందో లేదో అడగండి. నేల ఉందో లేదో కూడా. ఇక జనన పత్రంలో మీ పేరుందో లేదో ఇవాళే తీసి చూసుకోండి. లేకపోతే విమానం ఎక్కకముందే చేర్పించి, అపోస్టిల్ వేయించి దగ్గర పెట్టుకోండి.